మీ తమ్ముడు కోచ్ అయిన ముచ్చట

అయ్యో, ఆ కుర్చీల కూసోకు వదినె! దాంట్ల బాల్‌కు గాలి గొట్టే పంపున్నది, సూది పైకే ఉంటది. ఇటు రా, మంచం మీద కూసో. జర ఆగు, ఈ కోన్‌లు తీస్త. కోన్‌లంటే గివే, ఎర్ర ప్లాస్టిక్ టోపీలు. వీటిని గ్రౌండ్ల వరుసగ పెట్టి వాటి నడుమల పోరగాండ్లను ఉరికిస్తడు మీ తమ్ముడు. మా ఇంట్ల తాగేటందుకు గిలాసలు లేవు గని, టోపీలకు కొదువ లేదు.

రైలు దిగి గంట గాలే. కాళ్లు గూడ కడుక్కోలే. అప్పుడే "మా దశరథ్‌కు ఏమైంది కస్తూరీ" అని మొదలుపెట్టినవ్. ఏమైతది? కోచ్ అయిండు!

ఆయన ఆఫీసుకెళ్లి ఆరింటికి గాని రాడు. వర్షిణి ట్యూషన్‌కు పోయింది. ఇద్దరమే ఉన్నం, ఎంతసేపన్న తిట్టు. కని మొదట నన్ను చెప్పనియ్యి. ఈ సరోజినీ నగర్ క్వార్టర్లకొచ్చి పదిహేనేండ్లాయె, నా గోస ఇనేటోళ్లే లేరు. పక్కింటోళ్లు పంజాబోళ్లు, మీదింటోళ్లు బెంగాలోళ్లు. హిందీల గోస చెప్పుకుంటే అది గోస లెక్కుండదు వదినె, రేడియోల వార్తలు చదివినట్టుంటది.

పెండ్లప్పుడు నాకెవరన్న చెప్పిన్రా? "పిల్లగానికి ఢిల్లీల సర్కారు నౌకరి" అన్నరు. నువ్వే అన్నవ్, జనగామల మా అమ్మ ముంగట చాయ్ తాగుకుంట. నౌకరి నిజమే. కని అది కాలుతోని చేసే నౌకరి అని ఎవ్వరు చెప్పలే! ఫుట్‌బాల్ తన్నినందుకు ఆఫీసోళ్లు కుర్చీ ఇస్తరని నాకేమెర్క? ఫైళ్లు రాసే మనిషి అనుకున్న. పెండ్లి ఫోటోల ధోతి కింద కాలికి పట్టీ కనవడితే, పాపం ఏడనో తాకినట్టున్నది అనుకున్న. పెండ్లికి మూడు దినాల ముంగట మీ బొల్లారం గ్రౌండ్ల మ్యాచ్ ఆడిండట!

నవ్వు, నవ్వు. నీకేంది.

ఢిల్లీకొచ్చిన పన్నెండో దినం, "టోర్నమెంటున్నది కస్తూరీ, పది దినాలల్ల వస్త" అని సంచి భుజానేసుకొని జలంధర్ పోయిండు. నాకా, హిందీ ఒక్క ముక్క రాదు. పాలాయన వస్తే వేళ్లు చూపిచ్చి పాలు పోయించుకున్న. ఒకసారి రెండు వేళ్లు చూపిస్తే రెండు పూటలు రావొద్దని అనుకున్నడు. రెండు పూటలు నల్లచాయే!

ఏడాదిల ఆరు నెలలు గట్లనే. ఇంట్ల ఉన్న ఆరు నెలలు గూడ పొద్దుగాల గ్రౌండు, మాపటికి గ్రౌండు. మంచిగ ఆడుతుండె, అది నేను కాదనను. ఎడమ దిక్కు లైన్ ఎంబడి ఉరికొస్తుంటే జనం లేచి "మద్రాసీ రైల్, మద్రాసీ రైల్" అని ఒర్రుతుండ్రి. జనగామేడ, బొల్లారమేడ, మద్రాసేడ! మా ఊరు గది కాదని చెప్పరాదా అంటే, "ఉరికెటప్పుడు చిరునామా ఎవడు చెప్తడు కస్తూరీ" అంటుండె. గంత తియ్యగ మాట్లాడుతడు, ఏం కొట్లాడాలె ఆయనతోని?

తొంభై ఎనిమిదిల మోకాలు పోయింది. నీకెర్కే గదా. అంబేద్కర్ స్టేడియంల సెమీఫైనల్. ఎవ్వరు తాకలే, ఎవ్వరు తోయలే. బాల్ తోని ఉరుక్కుంట ఉరుక్కుంట తిరగబోయిండు. పైన మనిషి తిరిగిండు, కింద కాలు తిరగలే. గంతే.

ఆపరేషన్ చేసిన్రు. నడువొచ్చు గని ఉరుకొద్దు అన్నరు. ఆఫీసోళ్లు మంచోళ్లు, నౌకరి ఉంచిన్రు. ఉత్తరాల మీద ముద్ర గుద్దే బల్ల కాడ కూసోపెట్టిన్రు. తొమ్మిదింటికి పోతడు, ఆరింటికి వస్తడు. చేతిల కూరగాయల సంచి. చిన్నగ బొజ్జొచ్చింది. వర్షిణి ఆ బొజ్జ మీద ఎక్కి కూసుంటుండె.

బాల్ ముచ్చట ఎత్తలే ఇగ. టీవీల వస్తే ఛానల్ తిప్పుతుండె. వరల్డ్ కప్పొచ్చిన ఏడు కాలనీ అంత టీవీల ముంగట ఒర్రుతుంటే, ఈయన బాల్కనీల కూసొని మెంతికూర తెంపిండు. మూడు కట్టలు తెంపిండు వదినె. ఒక్క ఆకుకు పుల్ల లేకుంట!

ఆ మరుసటి ఏడు చలికాలంల, ఆలుగడ్డలు ముల్లంగులు తెమ్మని పంపిన. రెండు గంటలైనా మనిషి లేడు. వంటేం చెయ్యాలె? చున్నీ కప్పుకొని దేవులాడుకుంట పోయిన. మా బ్లాక్ ఎన్కున్న పార్కుల ఉన్నడు. కాలనీ పోరలు పదిమంది చుట్టు నిలవడ్డరు. ఈయన గొంతుక్కూసొని, నా ఆలుగడ్డలన్ని మట్టిల వరుసగ పెట్టి, ఒకదాన్ని ఇటు జరుపుతడు, ఒకదాన్ని అటు జరుపుతడు. ముల్లంగులు రెండు భూమిల పాతిండు. గోల్ అట!

"ఏందిది!" అని ఒర్రిన. తల ఎత్తి చూసిండు.

ఆ మొకం నేను అయిదేండ్ల సంది చూడలే. మట్టి అంటిన ఆలుగడ్డలు ఏరుకొని ఇంటికొచ్చిన. కడిగితే కూరే గదా, ఏమాయె.

ఇగ మొదలు. రోజు మాపటికి పార్కు. పదిమంది పోరలు ముప్పై మందయిన్రు. తర్వాత ఎవరో చెప్పిన్రట, కోచ్ కావాలంటే చదువున్నది, పరీక్షున్నది, లైసెన్స్ ఇస్తరు అని. నలభై ఏండ్లకు దగ్గరవడ్డ మనిషి పరీక్ష రాసుడేంది? రాసిండు. ఇంగ్లీషుల. ఫెయిలయిండు!

వర్షిణికి అప్పుడు ఎనిమిదేండ్లు. ఇగ అదే ఇంగ్లీషు పంతులమ్మ, డిక్షనరీ పట్టుకొని అది కుర్చీల, మీ తమ్ముడు కింద చాప మీద. "పాపా, ఐసా నహీ బోల్తే", గట్ల పలుకరాదట, అని నెత్తి మీద పెన్సిల్ తోని కొడుతుండె. నాకు నవ్వు ఆగకపోతుండె, వంటింట్లకెళ్లి నవ్వుతుంటి.

రాసుడొక్కటే కాదు, ఇంగ్లీషుల చెప్పుకుంట ఇరవై నిమిషాలు మనుషులను ఆడించి చూపియ్యాలట. పోరలు బడికి పోయిన్రు. మనుషులు ఏడకెళ్లి రావాలె? పొద్దుగాల పార్కుల శాలువాలు కప్పుకొని నడిచే ఆంటీలను పట్టిండు! చోప్రా ఆంటీకి అరవై రెండేండ్లు. శాలువా నడుముకు కట్టి, ఈ ఎర్ర టోపీల నడుమల బాల్ తన్నుకుంట పోయింది. పోయి, అటు దిక్కు నిలవడి రెండు చేతులెత్తింది. గోల్ కొట్టినట్టు! మొత్తం పార్కు చప్పట్లు.

రెండోసారి పాసయిండు. లడ్డూలు నేను పంచలే, చోప్రా ఆంటీ పంచింది. నా వల్లనే పాసయిండని ఇప్పటిదాంక చెప్పుకుంటది.

ఆనంక ఒక క్లబ్బోళ్లు పిలిచిన్రు. చిన్న క్లబ్బు, లీగ్‌ల అందరికన్న కింద. నోయిడాల కాల్ సెంటర్ డ్యూటీ దిగి సీద గ్రౌండుకొచ్చే పోరలు, కాలేజీ పోరలు, ఒక ఆటో నడిపే పిల్లగాడు. పొద్దుగాల అయిదింటికి ప్రాక్టీసు, తొమ్మిదింటికి ఆఫీసు. మొదటి మ్యాచ్‌ల ఏడు గోల్స్ తిన్నరు. ఇగ రెండు దినాలు అన్నం ముట్టడని నేను బుగులుపడ్డ. ఆడే కాలంల ఓడితే గట్లనే చేస్తుండె. ఏడు గోల్స్ తినొచ్చినాయన ఇంటికొచ్చి ఏడు రొట్టెలు తిన్నడు! తిని, నోట్‌బుక్కు తీసి రాసుకుంట కూసున్నడు. "ఓడినవ్ గదా?" అన్న. "నేనెక్కడ ఓడిన, ఇప్పుడే మొదలుపెట్టిన" అన్నడు.

మూడేండ్లు వదినె. మూడేండ్లల్ల కిందున్నోళ్లను మీదికి తెచ్చిండు. పోయిన నెల ఆఖరి మ్యాచ్, గెలిస్తే పై డివిజన్‌కు పోతరు. నేను గూడ పోయిన. వర్షిణి గుంజుకపోయింది, లేకుంటే నేనేం పోత!

మ్యాచ్‌కు అర్ధగంట ముంగట లొల్లి. వాళ్లల్ల బాగ ఆడే పిల్లగాడు ఒకడున్నడు, రవికిరణ్ అని, మన ఖమ్మం పిల్లగాడే, ఈడ చదువుకుంటుండు. వాని మోకాలు ఉబ్బింది. వాడేమో "ఆడుత సార్, కాళ్లు మొక్కుత సార్" అంటుండు. క్లబ్బు సెక్రటరీ ఏమో "సూది వేయించి ఆడించు, ఒక్క మ్యాచే గదా" అని మీదికొస్తుండు. మీ తమ్ముడు ఎవ్వరి మీద గొంతు లేపలే. వాని బూట్ల తాళ్లు తానే ఇప్పిండు. ఇప్పుకుంట అన్నడు, "మ్యాచ్ తొంభై నిమిషాలు బిడ్డా. మోకాలు ఇంకో యాభై ఏండ్లు కావాలె నీకు."

నేను ఎన్కనే ఉన్న. నేనున్నట్టు ఆయనకు తెల్వదు.

గెలిచిన్రా అంటవేంది? గెలిచిన్రు. ఒక్క గోల్, అది గూడ మనోళ్లు తంతే పోలే, అవతలోని భుజానికి తాకి పోయింది. మీ తమ్ముడు కుంటుకుంట ఉరికిండు, డాక్టర్ వద్దన్న ఉరుకుడు. కని ఆ దినం నా కండ్లకు గోల్ ఆనలే వదినె. ఆ తాళ్లే ఆనినయ్.

ఆ మ్యాచ్‌కు గుర్‌గావ్ నుంచి ఒక కంపెనీ ఆయన వచ్చిండు. వాళ్లు కొత్తగ ప్రొఫెషనల్ టీం పెడుతున్నరు. గెలిచినందుకు కాదట, ఆ పిల్లగాన్ని ఆడియ్యకుండ ఆపినందుకు మీ తమ్ముణ్ని పిలిచిన్రు. పెద్ద కోచ్. కని రెండు పడవల్ల కాళ్లు పెట్టుడు నడవదు, సర్కారు నౌకరి ఇడిచి రావాలె. కాగితం ఏడాదికే. ఏడాదైనంక టీం ఓడితే, "ఠీక్ హై కోచ్ సాబ్, నమస్తే" అంటరు. ఈ క్వార్టర్ ఖాళీ చెయ్యాలె. వర్షిణి బడి మార్చాలె.

నన్ను అడిగిండు. "ఏమంటవ్ కస్తూరీ?"

"నీ ఇష్టం" అన్న.

ఆడోళ్లం "నీ ఇష్టం" అంటే ఎట్లంటమో నీకు తెల్వదా? గట్లన్న. ఆయనకు సమజైంది. కాగితం మలిచి డిక్షనరీల పెట్టిండు. వారం దినాలాయె, సరింగ ఆరింటికి ఇంటికొస్తుండు. పార్కుకు పోతలేడు. మొన్న ఆదివారం నీకు ఫోన్ చేసి అక్కతోని చెప్పుకున్నడు. నువ్వు ఆవకాయ జాడీ ఎత్తుకొని, బుద్ధి చెప్త అని రైలెక్కినవ్.

ఆవకాయ మంచి పని చేసినవ్. బుద్ధి మాత్రం ఎన్కకు తీస్కపో.

ఎందుకంటే నిన్న నేను గుర్‌గావ్ పోయిన. బస్సెక్కి, ఒక్కదాన్నే. ఆ అద్దాల బిల్డింగుల ఎన్క పాత బస్తీ ఉన్నది, ఆడ మొదటి అంతస్తుల రెండర్రల ఇల్లు చూసిన. వంటిల్లు ఇరుకు, నీళ్లు మంచిగ వస్తయి. ఒకటో తారీఖుకు వస్తమని ఇంటామెకు మాటిచ్చిన. వర్షిణి బడి గూడ అడిగొచ్చిన. ఆయనకు ఇంక తెల్వదు. ఇయ్యాల చెప్త, నీ ముంగటనే చెప్త.

గట్ల చూడకు వదినె. నాకు పిచ్చి లేవలే. పిచ్చంటే పదేండ్ల కిందట లేచింది.

ఇది నేను ఎవ్వరికి చెప్పలే. మా అమ్మకు గూడ.

దవాఖానల ఆపరేషనైన రెండో దినం. డాక్టరొచ్చి, ఇగ ఆట లేదు అని చెప్పిపోయిండు. మీ తమ్ముడు గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. నేను గిలాస కడగాలని వరండాల నల్లా కాడికి పోయిన. ఆడ ఊడ్చే ఆయమ్మ నా మొకం చూసి చీపురు ఆపింది. ఆపి, నవ్వుకుంట అడిగింది, "క్యా బాత్ హై బహూ, లడ్కా హువా క్యా?"

నా మొకం గట్లున్నది వదినె! నాకే తెల్వదు. కొడుకును కన్న తల్లి మొకం లెక్క ఎలుగుతున్నదట.

ఇగ జలంధర్ లేదు, ఇగ ఆరింటికి ఇంటికొస్తడు, ఇగ నా మొగుడు నాకు... గదే మనసుల తిరుగుతున్నది. నల్లా కింద గిలాస నిండి పొర్లుతున్నది.

కాదని చెప్పినననుకుంటున్నవా? "హా" అన్న. మిఠాయి తినుపియ్యవా అంటే కొంగు ముడి ఇప్పి పది రూపాయలు చేతిల పెట్టిన.

ఇగ నువ్వే చెప్పు, ఆయనను పోవద్దనేటందుకు నాకు నోరెట్ల వస్తది? నువ్వు అక్కవు, నువ్వనొచ్చు. నేను మనసుల కోరుకున్నది ఒకసారి అయింది వదినె. ఇంకోసారి కోరుకోవాలంటే భయమైతది.

ఏడవకు, నువ్వెందుకు ఏడుస్తవ్? లే, లేచి కాళ్లు కడుక్కో. నీళ్లు ఆరింటిదాంకనే వస్తయి.