దానంగారి బదిలీ

1979 ఏప్రిల్. గోదావరి మధ్య ఒక లంక. పూరిగుడి పక్కనే పాస్టరు దానంగారి పాక. పడవ నడిపే బుల్లబ్బాయి ఇప్పుడే ఒక ఉత్తరం ఇచ్చి రేవుకెళ్ళాడు. ఆయనా, ఆయన భార్య దీనమ్మగారూ మాట్లాడుకుంటున్నారు. వినేవాళ్ళకి దెబ్బలాటలా ఉంటుంది గానీ, ఆ ఇంట్లో మాటలే అంత.

“నవ్వుతావేంటే? నవ్వేటట్టు ఏం రాసేరందులో?”

“నవ్వట్లేదండీ. పొగ.”

“పొయ్యి వెలిగించందే పొగెక్కడిది? ఏదీ, మళ్ళీ చదువు.”

“‘దానంగారికి వందనాలు. మీరు ఆ లంకలో తొమ్మిదేళ్ళుగా సేవ చేస్తున్నారు. అమలాపురంలో మన గుడికి పాస్టరు కావాలి. మీ ఇష్టం రేపటి కమిటీలోగా తెలియజేయగలరు.’ కింద సెక్రటరీగారి సంతకం. మీ ఇష్టం అంటండీ. నా ఇష్టం అడగలేదు.”

“అడిగితే ఏం చెప్పేదానివి?”

“అడగలేదు కదండీ.”

“నేనడుగుతున్నా.”

“నాదేముందండీ. అమలాపురంలో కరెంటు. పెంకుటిల్లు. పంపు తిప్పితే నీళ్ళు. ప్రసంగం మధ్యలో గుళ్ళోకి మేక రాదు.”

“మేక రాకపోతే నా ప్రసంగం వినేదెవరే?”

“సీమోను వింటాడు కదండీ, కళ్ళు మూసుకుని.”

“మూసుకుంటే మూసుకున్నాడు. ఒక్క ఆదివారం మానేడా?”

“మానితే ఇంట్లో నిద్రపట్టదండీ పాపం.”

“వెక్కిరించు. అక్కడ మూడొందల మంది, తెలుసా? ఫ్యాను కింద కూర్చుని వాచీలు చూసుకుంటారు.”

“అయ్యో, అయ్యగారికి భయమేస్తందా?”

“భయమా? నాకా? నీ గురించే నా ఆలోచనంతా. పెళ్ళయిన మూడో నెలకి తీసుకొచ్చేను. పడవ దిగగానే బురదలో కూలబడి, మా నాన్నకి కబురెట్టండని ఏడ్చేవు. అప్పుడు మాటిచ్చేను కదా, ఏటా ఏప్రిల్లో బదిలీకి దరఖాస్తు పెడతానని. పెట్టేనా లేదా?”

“రాసేరండి.”

“ఎనిమిదేళ్ళు, ఎనిమిది దరఖాస్తులు. అందుకే ఇన్నాళ్ళకి వాళ్ళ మనసు కరిగింది.”

“ఆయ్.”

“అదేం ఆయ్? సగంలో మింగేసేవు.”

“ఏం లేదండీ. సావిత్రి గుర్తొచ్చింది. మస్కట్ నించి మొగుడు రాసిన ఉత్తరం తనే చదువుకోవాలని నా దగ్గర పలక పట్టింది కదా. ఇన్నాళ్ళూ నేను చదివిపెడుతుంటే సిగ్గుతో చచ్చిపోయేది. ఇంకా ఒత్తులు రాలేదండీ. నెల పడుతుంది.”

“సరే, నెల ఆగి వెళ్దాం.”

“ఆ తర్వాత మంగాయమ్మ కూతురికి పురుడండీ. నన్ను దగ్గరుండమంది.”

“అదీ చూసుకునే వెళ్దాం.”

“అప్పటికి వరదలొచ్చేస్తాయండీ. వరదలో వీళ్ళనొదిలి ఎలా వెళ్తాం?”

“వరద తీసేక?”

“క్రిస్మస్సు కదండీ.”

“బాగుంది! అంటే నీకు వెళ్ళాలని లేదు.”

“నేనలా అన్నానా? మీరు ఊఁ అంటే ఇప్పుడే పెట్టె సర్దుతా.”

“నేను మాత్రం వెళ్దామన్నానా?”

“ఎనిమిది దరఖాస్తులు రాసిన మనిషి వేరే అనాలేంటండీ?”

“అవి నీకోసం రాసేనే!”

“అయ్యగారూ! పడవ తీసేస్తన్నానండీ! సెక్రటరీగారికి జవాబేదన్నా ఉందాండీ?”

“ఒక్క నిముషం, బుల్లబ్బాయీ! కాస్త ఆగు!... దీనా, ఇంక వేళాకోళం వద్దు. నేను వస్తామని రాసేస్తే నీకు బాధా, కాదా?”

“... బాధేనండీ. చాలా బాధ. ఇక్కడ నాకు హాయిగా ఉందండీ. పొద్దున్న లేస్తే నాతో పనున్నవాళ్ళు పదిమంది గుమ్మంలో ఉంటారు. అక్కడ నేను పాస్టరుగారి భార్యని, అంతే. మీకు పెద్ద గుడి దక్కకుండా చేసినదాన్నవుతానని నోరిప్పలేదు.”

“కలం ఇటియ్యి.”

“ఏం రాస్తన్నారండీ?”

“నువ్వే చదువు.”

“‘అయ్యా, వందనాలు. మేమిద్దరం ఇక్కడే ఉంటాం. అమలాపురానికి దయచేసి మరొకరిని చూడగలరు.’ ... ఏవండీ.”

“మళ్ళీ ఏంటి? ఏడుపెందుకే?”

“నేనొక తప్పు చేసేనండీ. ముమ్మిడివరం వెళ్ళినప్పుడు పోస్టులో వెయ్యమని ఆ దరఖాస్తులు నా చేతికిచ్చేవారు కదా. మొదటిదొక్కటే వేసేను. మిగతా ఏడూ వెయ్యలేదండీ. నా ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. మీరేమో రోజూ జవాబు కోసం రేవుకేసి చూస్తున్నట్టే ఉండేవారు. ఈ ఉత్తరం అడక్కుండా వచ్చింది. అందుకే ఇందాక నవ్వొచ్చింది.”

“తెలుసు.”

“ఏం తెలుసు?”

“రెండో ఏడాది నుంచీ తెలుసు. కవరు కొంగున దాచుకుని పడవెక్కేవు, అలాగే దాచుకుని దిగేవు. బుల్లబ్బాయి చెప్పేడు.”

“అయ్యో, తెలిసి కూడా ఏటా నా చేతికే ఎందుకిచ్చేరండీ?”

“ఇంకెవరి చేతికిచ్చినా నిజంగా పోస్టులో వేసేస్తారని భయమే.”