రెండో అంతస్తు కుర్చీ

పదకొండుంబావుకి అందరూ ఒకేసారి నొక్కుతారు ఆ లిఫ్టు బటను. ఇప్పట్లో రాదుగానీ, కూర్చో అమ్మాయ్. కుట్టిన బట్టలు ఒళ్లో పెట్టుకో, నలగవు. మెట్ల దగ్గర ఈ కుర్చీ ఏమిటని నువ్వే కాదు, అందరూ అడుగుతారు. మా అమ్మ వేయించింది, నాలుగో అంతస్తు చీఫ్ గారి కోసం. నువ్వు పుట్టకముందు మాటలే. పవర్‌హౌసులో చీఫ్ ఇంజనీరుగా చేసి దిగినాయన. భార్య పోయింది, కూతురెక్కడో దూరాన. లిఫ్టులో పక్కన మనిషి నిలబడితే తలుపుకేసి చూసేవాడు. నమస్కారం పెడితే గడ్డం కాస్త ఆడేది, అంతే. మా కటింగ్ మాస్టరు అనేవాడు, 'ఈయనకి చొక్కా కుట్టాలంటే ఛాతీ కాదు, ముందు హోదా కొలవాలి' అని. వాడి నోటికి భయపడి సగం బేరాలు పోయేవి నాకు, ఆ గోల వేరు. ఏం చెప్తున్నాను? ఆఁ, లిఫ్టు మోటారు కాలిపోయింది. రెండు నెలలు బాగవలేదు. చీఫ్ గారికి ఆయాసం. ఇక్కడిదాకా ఎక్కి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. గుమ్మంలో గుండీలు కుట్టుకుంటున్న మా అమ్మ కుర్చీ వేయమంది. ఊపిరందగానే మొదలుపెట్టాడు, ఎన్ని ఊళ్లకి కరెంటిచ్చాడో, ఏ మంత్రి తనని చూసి లేచి నిలబడ్డాడో. అమ్మ అంతా విని, "అవన్నీ బాగానే ఉన్నాయిగానీ నాయనా, ఈ సూదిలో దారం ఎక్కించి పెడతావా, నాకు కనబడి చావదు" అంది. నేను మిషను ఆపేశాను. ఆయనేమో కళ్లజోడు సర్దుకుని, దారం కొస తడిచేసి ఎక్కించాడు.

మర్నాడూ కూర్చున్నాడు. ఉన్న సూదులన్నిటికీ దారం ఎక్కించి వెళ్లేవాడు. పోనుపోను కరెంటు మాట పోయి, అన్నం మాడిందనీ, ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడదనీ చెప్పేవాడు. కాలరు చిరిగినా చూసుకోవా, ఇంత వయసెందుకొచ్చిందని అమ్మ తిట్టేది. ఆయన్ని తిట్టేవాళ్లు ఇంకెవరున్నారు?

లిఫ్టు బాగైంది. ఇక కుర్చీలో కూలబడటానికి ఆయాసమన్న సాకు లేదు. దర్జీ గుమ్మంలో చీఫ్ ఇంజనీరు ఊరికే ఎలా కూర్చుంటాడు? లిఫ్టు మమ్మల్ని దాటి పైకి పోతుంటే కటకటాల సందులోంచి ఆయన మొహం కనబడేది, ఈ కుర్చీకేసి చూస్తూ.

వారం తిరక్కుండా లిఫ్టు మళ్లీ ఆగింది. చూస్తే మీటరు గదిలో ఫ్యూజు లేదు. కొత్తది పెట్టారు, కొన్నాళ్లకి అదీ మాయం. ఎవడు పట్టుకుపోయి వేపుకు తింటున్నాడని మెకానిక్కు గోల. ఆ దొంగని అందరికన్నా ఎక్కువ తిట్టింది చీఫ్ గారే. తిట్టి, మెట్లెక్కి వచ్చి ఇక్కడ కూర్చున్నాడు.

ఆ చలికాలంలోనే నిద్రలో పోయాడు. ఫ్యూజులు పోవడం ఆగిందని కూడా ఎవరం గమనించలేదు. కొన్ని రోజులకి కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ పాత కళ్లజోడు పెట్టె ఒకటి తెచ్చింది, లోపల దారపుండ ఉంది, మీదేనా అంటూ. ఉండ తీస్తే కింద నాలుగు పింగాణీ ఫ్యూజులు. అమ్మ ఒక్కోదాన్నీ వేళ్లతో తడిమి చూసింది.

"పిచ్చి నాయన. ఆ లిఫ్టు రెండో అంతస్తులో ఆగదా?" అంది.

అదిగో, వచ్చింది. తలుపు గట్టిగా లాగమ్మా, లేకపోతే కదలదు.