రేవు దాటితే ఒక పువ్వు

(నరసాపురంలో లోవమ్మగారి అరుగు. ఆవిడ ఒళ్లో లేసు టేబుల్‌క్లాత్, పక్కన ఫోన్ పట్టుకుని కోడలు సాయిదుర్గ. బ్రెజిల్‌లో జరిగే లేసు ప్రదర్శనకి ఎల్లుండి ఇద్దరూ విమానం ఎక్కాలి.)

“ఇంకోసారి చెప్పవే అమ్మాయ్. ఎంత దూరమన్నావు?”

“హైదరాబాద్ నుంచి సావో పౌలోకి పద్నాలుగు వేల మూడొందల కిలోమీటర్లండి అత్తయ్యగారూ. నిన్నట్నుంచి ఇది ఐదోసారి.”

“కిలోమీటర్లు నాకెందుకు? పువ్వుల్లో చెప్పు.”

“పువ్వులేంటండి?”

“సఖినేటిపల్లి రేవులో పంటెక్కి గోదారి దాటి దిగేలోపు ఒక పువ్వు అల్లుతానా? రైల్లో భీమవరానికి మూడు. అలాగ.”

“అంటే గంటకి మూడనుకోండి. తెల్లారగట్ల నాలుగింటికి ఎక్కుతాం. అదే రోజు సాయంత్రం ఆరింటికి దిగుతాం. నిన్నే చెప్పాను కదండి.”

“పద్నాలుగు గంటలు, నలభై రెండు పువ్వులు. చూశావా, క్లాత్‌కి తక్కువైనవీ నలభై రెండే.”

“అంత సరిగ్గా ఎలా మిగిలాయండి?”

“మిగిలాయి. ఏం, మిగలకూడదా?”

“దిగిన మర్నాడే ప్రదర్శన. ఒక్క పువ్వు తక్కువైనా పరువు పోద్ది. పక్కింటి వెంకటదుర్గ పిన్నికీ లేసు అల్లడం వచ్చుగా, పిలుస్తాను. ముగ్గురం కూర్చుంటే రేపటికి...”

“నా క్లాత్ మీద ఎవరైనా చెయ్యేశారంటే ఊరుకోను. విమానంలోనే అల్లుతాను. సూది రానిస్తారన్నావుగా?”

“రానిస్తారండి, రెండుసార్లు కనుక్కున్నాను. అయ్యో... ఉండండి, ఉండండి.”

“ఏంటి, విమానం రద్దయిందా?”

“అదేంటండి, గొంతులో అంత సంతోషం?”

“నాకా? ఛ. గొంతు పట్టేసి అలా వచ్చింది. విషయం చెప్పు.”

“సాయంత్రం ఆరంటే అక్కడి ఆరండి. మన గడియారంలో అప్పటికి మర్నాడు తెల్లారగట్ల రెండున్నర.”

“అయితే?”

“పద్నాలుగు కాదు, మధ్యలో విమానం మారడంతో కలిపి ఇరవై రెండున్నర గంటలు.”

“ఆ ఎనిమిదిన్నర గంటలు ఎక్కడ్నించి ఊడిపడ్డాయే?”

“మనం పడమటికి పోతాం కదండి, పొద్దు కూడా మనతోనే వస్తుంది.”

“పొద్దుకి టికెట్ ఎవరు తీశారు?”

“నవ్వించకండి, లెక్క తప్పుతుంది. అరవై ఏడు పువ్వులకి టైముందండి. మీ నలభై రెండూ అయిపోయాక ఇంకో పాతిక పువ్వులంత సేపు హాయిగా నిద్రపోవచ్చు.”

“నిద్రా? అంత ఎత్తునా? ఖాళీ చేతుల్తోనా?”

“మరేం చేస్తారండి?”

“ఆ కత్తెర ఇలా ఇవ్వు. ఇంకో పాతిక విప్పాలి.”

“ఇంకో పాతికేంటండి? ముందసలు ఎన్ని విప్పారు?”

“నలభై రెండు. క్లాత్ పూర్తయి పది రోజులైందే దుర్గా. నిన్న నువ్వు విమానం టైములు చెప్పాక భయమేసి విప్పుకున్నాను.”