సత్రం నడిమి కట్టె

(1954, కర్నూలు. ఇళ్లకు పటాలు గీసే తిరుమలయ్య ఇంటి వసారా. కల్లూరులో సత్రం కడుతున్న మేస్త్రీ మహానంది పొద్దున్నే వచ్చాడు.)

“కంబమా? ఏం కంబమప్పా మహానందీ?”

“సత్రం నడిమి కంబం సామీ. రాతి కంబం ఎప్పుడొస్తాది? ఇంగ ఎన్నాళ్లని ఊతకట్టె మీద నిలబెట్టేది?”

“పటంలో నడిమి కంబమే లేదు గదా!”

“లేకుంటే ఎట్ల? కప్పు గొడుగు మాదిరి కట్టమంటివి. గొడుగుకు కాడ ఉండదా?”

“వాన నీళ్లు నాలుగు పక్కలా జారాలని గొడుగంటి. బండల కింద దూలాలు... దూలాలు ఏసినావా లేదా?”

“గొడుగుకు దూలాలేంది సామీ? బేతంచెర్ల బండలన్నీ ఆ కట్టె మీదే ఆనించినా.”

“ఈ గీతలు చూడలేదా? ఇవే దూలాలు!”

“గీతలు నాకేం తెలుసు? ఎప్పుడన్నా గీతలు చూసి కట్టినానా? పోయినేడు చేట మాదిరి వసారా అంటివి, చేట మాదిరే కట్టినా. నీ మాటే నాకు పటం.”

“అయ్యో... నా నోరు పడిపోను! సత్రంలో... సత్రం లోపలెవరన్నా ఉండారా?”

“గిడ్డమ్మ ఉండాది. నా పెండ్లాం ఒక్కతే. ఎందుకట్ల అడుగుతాండావు? కంబం వచ్చేదాకా కట్టె తియ్యకుంటే సరి.”

“రేపు అన్నదానం గదప్పా. పంక్తులకు అడ్డమని...”

“అడ్డమని? చెప్పు సామీ!”

“ఉత్త ఊతకట్టే గదా అనుకుంటి.”

“అనుకోని ఏం చేసినావు?”

“పెరికెయ్యమని మా పనోడు బొజ్జన్నను పంపిస్తి.”

“ఎప్పుడు?”

“నువ్వొచ్చేముందే. సైకిల్ మీద పోయినాడు.”

“సైకిలా! ఈపాటికి హంద్రి ఏరు దాటేసి ఉంటాడు గద సామీ! నేను పరిగెత్తినా యాడందుతాడు?”

“ఉండప్పా, ఉండు. గిడ్డమ్మ ఊరికే తియ్యనిస్తాదా? అడ్డం పడదా?”

“పడతాది. సత్రం కట్టిస్తాండే శెట్టి మనుషులు నిన్నట్నించి తీస్తాం తీస్తామంటాండారు. అందుకే కట్టెకు ఆనుకోని కూచోమని చెప్పొచ్చినా. ఎవరొచ్చినా తాకనియ్యొద్దంటి.”

“బతికించినావు మహానందీ! నీ కాళ్లకు మొక్కుతా. ఎవరు చెప్పినా వదలదు గదా?”

“వదలదు సామీ...”

“వదలదు గదా?”

“తిరుమలయ్య సామి చెప్పినాడంటే మాత్రం లేచి పక్కకు జరుగు అంటినే!”