ముప్పై ఎనిమిదో వరస

ఈ పూలు ఆఫీసు వాళ్ళు పంపినవేనా? కార్డు మీద రస్సెల్ అని రాశారేంటి, వెర్డెల్ చెల్లెమ్మా! పందొమ్మిదేళ్ళు ఆ గోడౌన్లో ఒళ్ళు హూనం చేసుకున్నాడు నీ మొగుడు. రోస్కో అని రెండక్షరాలు సరిగ్గా రాయడానికి చేతులు రాలేదా వాళ్ళకి?

చించేశావా! మంచి పని చేశావు.

కాఫీ వద్దులే, కూర్చో. నిన్న మెంఫిస్ ఊరంతా మన చర్చిలోనే ఉన్నట్టుంది. శవపెట్టె పక్కన నుంచుని కూడా నీతో ఒక్క మాట ఆడలేకపోయాను. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేను.

మా సంగతి వాడు నీకు చెప్పే ఉంటాడు. నలభై వరసలు. చేతిలో స్కానరు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, పెట్టె తీసి బండిలో వేసుకోవాలి. రోజుకి పదకొండు మైళ్ళు నడక! వచ్చిన సరుకు ఖాళీ ఉన్నచోట పడేసేవాళ్ళు మరి. గంట గంటకీ కావలసిన బ్లీచి డబ్బాలు ఎక్కడో చివర, ఏడాదికోసారి అడిగే క్రిస్మస్ దీపాలు గుమ్మం పక్కన. ఎవడికి పట్టింది?

నాకు పట్టింది. ఏ సరుకు ఎన్నిసార్లు కదులుతోందో ఆరు వారాలు గీతలు గీసుకున్నాను. 'ఏం క్లోవిస్ అన్నా, కంపెనీ మీ మామగారిదా?' అని రోస్కో ఒకటే ఏడిపించడం.

నాకు కంపెనీ గొడవ కాదమ్మా, మా మోకాళ్ళ గొడవ.

ఎక్కువ కదిలేవి ముందుకి, కదలనివి వెనక్కి. వెనక వరసలన్నిటికీ ఒక్క మనిషి చాలు. అంతే నేను చెప్పింది. నడక ఆరు మైళ్ళకి దిగింది. లారీలు గంట ముందే నిండాయి. నా ఫొటో భోజనాల గదిలో తగిలించారు. మర్నాటికల్లా రోస్కో దానికి పెన్నుతో మీసాలు పెట్టేశాడు!

నవ్వకు తల్లీ. నవ్వితే చెప్పలేను.

నెల తిరక్కుండా ముప్పైమందిని పంపేశారు. నడక సగమైతే మనుషులూ సగం చాలుగా! ఆ ముక్క నా బుర్రకెందుకు తట్టలేదు?

రోస్కో గుండెకి ఆపరేషనయ్యాక మేనేజరు దగ్గరికి వెళ్ళింది నేనే. 'వెనక పని తేలిక సార్, వాణ్ణి అక్కడ వెయ్యండి' అని బతిమాలాను. ఆ ఆదివారం నువ్వు నా చేతులు పట్టుకుని ఏడ్చావు. పీచ్ కాబ్లరు చేసి పంపావు. తిన్నాను కూడా.

మంగళవారం పొద్దున పదింటికి ముప్పై ఎనిమిదో వరసలో పడిపోయాడు. ఇదివరకైతే రెండు నిమిషాలకోసారి ఎవడో ఒకడు ఆ దారిన పోయేవాడు. ఇప్పుడెవరు పోతారు? పోనక్కర్లేకుండా చేసింది నేనేగా.

స్కానరు పాడైంది, అందుకే గంటా ఇరవై నిమిషాలు ఎవరికీ తెలియలేదు అని చెప్పారు కదూ నీకు? కాగితాల్లోనూ అదే ఉంది.

స్కానరు పాడవలేదు, చెల్లెమ్మా.

లేవకు. పూర్తిగా విను. ఆ ఫొటో తర్వాత నన్ను అందరి పేర్లూ కనిపించే కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టారు. ఎవరైనా పది నిమిషాలు పెట్టె తియ్యకపోతే వాళ్ళ పేరు ఎర్రబడుతుంది. వెంటనే మనిషిని పంపాలి. ఊరికే కూర్చున్నాడని తేలితే పేరు మీద ఓ మచ్చ. మూడు మచ్చలైతే ఇంటికే. రోస్కోకి అప్పటికే రెండు. నీకు చెప్పలేదా? చెప్పడులే.

ఎర్రబడింది. చూశాను. ఆయాసమొచ్చి ఏ పెట్టె మీదో కూలబడి ఉంటాడు, కాసేపు కూర్చోనీ పాపం అనుకున్నాను. 'స్కానరు చెడిపోయింది' అనే మీట నొక్కాను. ఎరుపు పోయింది. పది నిమిషాలకి మళ్ళీ. మళ్ళీ నొక్కాను.

ఏడుసార్లు నొక్కాను, వెర్డెల్. ఎనిమిదోసారి లేచి వెళ్ళాను. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది.

నన్నెవరూ ఏమీ అనలేదు. అనరు కూడా. తప్పు మిషనుదైతే అందరికీ హాయి. మోయలేక నీ దగ్గరికొచ్చాను. వచ్చి, నీ బరువు చాలదన్నట్టు నాది కూడా నీ నెత్తిన పెట్టాను.

మొన్ననే ఆ వెనక్కి మావిస్‌ని వేశారు, షుగరు మనిషి. ఒక్కతే. ఇద్దర్ని వెయ్యండి సార్ అన్నాను. 'ఒక్కరు చాలన్నది నువ్వేగా' అన్నాడు మేనేజరు. నిజమేగా.

తలుపు తీశావు. సరే. వెళ్తాను.

నా ముందు ఆ తెర దగ్గర క్రచ్‌ఫీల్డ్ అని ఒకడుండేవాడు. దయాదాక్షిణ్యం లేని మనిషి. వాడైతే మొదటి ఎరుపుకే మనిషిని పంపి ఉండేవాడు. మూడో మచ్చా పెట్టి ఉండేవాడు. ఉద్యోగం ఊడి, వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ, రోస్కో ఈపాటికి నీ ఎదురుగా ఈ కుర్చీలో కూర్చుని ఉండేవాడు.