పగటినిద్ర జోన్

గోదావరిఖనిలో ఒక ఇరుకు గల్లీ. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా నీడ వెతుక్కునే ఎండ. ఊరికి కొత్త మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది. ఎక్కడ ఇళ్లే ఉండాలో, ఎక్కడ దుకాణాలూ హాళ్లూ ఉండొచ్చో గల్లీ గల్లీకి రంగులేసి చూపించారు. తమ గల్లీకి పడ్డ రంగు నచ్చక యమున అభ్యంతరం పెట్టింది. దాన్ని విచారించడానికి ప్లానింగ్ ఆఫీసు నుంచి విష్ణువర్ధన్ అనే కుర్ర అధికారి వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, పాపం, తలుపు తట్టాడు.

"గట్టిగ మాట్లాడకుండ్రి సార్, మీకు దండం పెడ్త!"

"నేనింకా మాట్లాడనే లేదమ్మా. తలుపు కొట్టానంతే."

"తలుపు కొట్టుడు గూడ మాట్లాడుడే. మా ఆయన లోపట పండుకున్నడు. రాత్రంత బొగ్గు బాయిల పని చేసి వచ్చిండు. నైట్ షిఫ్టు. చెప్పులు ఇడువుండ్రి. ఆడ గాదు, ఆడ ఇడిస్తే సప్పుడైతది. ఇగో, ఈ గోనెసంచి మీద."

"సరే, సరేనమ్మా. నా పేరు విష్ణువర్ధన్. ప్లానింగ్ ఆఫీసు నుంచి..."

"ష్! పేరు గంత గట్టిగ ఎందుకు సార్? మెల్లగ చెప్పినా గదే పేరు గదా."

"ఇలా చాలా?"

"ఇంకింత తగ్గించుండ్రి. ఆఁ, గట్ల."

"ఇప్పుడు నా మాట నాకే వినపడట్లేదమ్మా."

"నాకు వినపడ్తుంది, చాలు. కూసోండ్రి. అయ్యో, ఆ కుర్చి మీద వద్దు, అది కిర్రుమంటది. కిందనే కూసోండ్రి, సల్లగ ఉంటది."

"కూర్చున్నా. ఇదుగో, ఇదీ మ్యాప్..."

"కాయితం మెల్లగ ఇప్పుండ్రి సార్! గరగరమంటుంది!"

"మెల్లగానే విప్పుతున్నానమ్మా. చూడండి. పాత ప్లాన్‌లో మీ గల్లీ పసుపు రంగు. అంటే ఇళ్లు మాత్రమే. కొత్త ముసాయిదాలో నారింజ రంగు వేశాం. అంటే మిశ్రమ వినియోగం. ఇళ్లూ ఉండొచ్చు, చిన్న దుకాణాలు, టిఫిన్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్లు..."

"గదే! గా ఆఖరు మాటనే! ఫంక్షన్ హాలు!"

"అమ్మా, మీరే అరుస్తున్నారు."

"నేనా? నేనెక్కడ ఒర్లిన? చెప్తున్న. మూల మీద భూపాల్ హాలు చూసిన్రా వచ్చేటప్పుడు? లగ్గాలంటడు, చీర కట్టుడంటడు, బర్త్‌డేలంటడు. బ్యాండు, డీజే, బారాత్. ఇన్నొద్దులు పర్మిషన్ లేకుంట దొంగతనంగ నడుపుతుండు. మీరు నారింజ రంగు పూస్తే ఇగ వాన్ని పట్టేటోడుండడు."

"అది నిజమే. నారింజ అయితే ఆయన హాలుకు పర్మిషన్ వస్తుంది. పసుపే ఉంచితే హాలు మూసేయాలి."

"అయితే పసుపే ఉంచుండ్రి. అయిపాయె. చాయ్ తాగుతరా?"

"అలా ఎలా కుదురుతుందమ్మా? విచారించాలి, కారణాలు రాయాలి. మీరు..."

"ఒక్క నిమిషం సార్. ఓ ఉల్లిగడ్డల పిలగా! ఆ మైకు బంద్ చేస్తవా, నన్ను బయటికి రమ్మంటవా! మా ఆయన పండుకున్నడని రోజు చెప్పాల్నా నీకు! పో, అవతలి గల్లీకి పో! ఆఁ, ఇప్పుడు చెప్పుండ్రి సార్."

"నా ఎడమ చెవి పనిచేయట్లేదమ్మా."

"కుడి చెవితోని వినుండ్రి. నేను ఒక్కటే అడుగుతున్న. మా గల్లీకి పగటినిద్ర జోన్ అని రాయుండ్రి."

"అలాంటి జోన్ లేదమ్మా."

"లేదా? బొగ్గు బాయిలున్న ఊర్ల పగటినిద్ర జోన్ లేకుంట ప్లాన్ ఎవరు గీసిన్రు సార్? రాత్రి పండుకునేటోళ్లు గీసినట్టున్నరు."

"పగటినిద్రకు లేదుగానీ, సైలెన్స్ జోన్ అని ఒకటుంది. ఆసుపత్రి, బడి, కోర్టు. వీటి చుట్టూ నూరు మీటర్ల దాకా మైకులు, డీజేలు వాడకూడదు."

"దవాఖాననా? ముందుగాల చెప్పద్దా సార్! మా ఇల్లు దవాఖాననే. మా అత్త సమ్మవ్వ బెణికిన కాళ్లు సరిచేస్తది. పొద్దుందాక మా గడప కాడ కుంటుకుంట ఎవరో ఒకరు ఉంటనే ఉంటరు."

"ఆసుపత్రంటే పడకలుండాలమ్మా."

"రెండు మంచాలున్నయి. ఒకదాని మీద మనిషి గూడ పండుకొని ఉన్నడు."

"ఎవరు?"

"మా ఆయన."

"ఆయన పేషెంటు కాదుకదమ్మా."

"అయితే బడి అని రాయుండ్రి. మా బిడ్డ పక్కింటి రుత్విక్‌కు ఎక్కాలు చెప్తది."

"ఒక్క పిల్లాడేనా?"

"వాన్ని మీరు చూడలే సార్. వాడొక్కడే పది మంది పెట్టు."

"కుదరదమ్మా."

"కోర్టు? మా ఇంట్ల రోజు పంచాయితే నాయె."

"తీర్పు ఎవరు చెప్తారు?"

"నేనే."

"మరి అప్పీలు?"

"అప్పీలా? గదేం లేదు సార్ మా ఇంట్ల."

"హా... హా..."

"ఏందది? తుమ్ము వస్తుందా? వద్దు! ముక్కు పట్టుకోండ్రి! గట్టిగ పట్టుకోండ్రి! ఊపిరి ఆపుండ్రి!"

"మ్..."

"ఆఁ, పోయింది. సల్లగుండాలె. మంచిగ ఆపుకున్నరు."

"కళ్లలోంచి నీళ్లొచ్చాయమ్మా. ఒక తుమ్ముకు మనిషి లేస్తారా?"

"అమ్మో! పానం పోయినట్టు ఉలిక్కిపడి లేస్తడు!"

"అమ్మా! భూకంపం! బయటికి రండి! ఇల్లు ఊగుతోంది!"

"కూసోండ్రి సార్, కూసోండ్రి. భూకంపం లేదు, ఏం లేదు. ఓపెన్ కాస్టు బాయిల బొగ్గు కోసం బండలు పేలుస్తున్నరు, బ్లాస్టింగ్. రోజూ ఉండేదే."

"గిన్నెలన్నీ కదిలాయి! ఆ ఫొటో చూడండి, వంకర పోయింది!"

"దానికి అలవాటే. సాయంత్రం సక్కగ చేస్త."

"మరి లోపల ఆయన?"

"బ్లాస్టింగుకు లేస్తడా సార్ ఆయన? బాయిల ఎన్ని విన్నడో. నెత్తి మీద బాంబు పెట్టుండ్రి, ఇటు నుంచి అటు ఒరగడు. గాని చెంచ కింద పడ్డదనుకోండ్రి, దిగ్గున లేస్తడు. చెంచ గూడ నయం. ఎవరన్న గడప కాడ నిలవడి 'పండుకున్నడా?' అని మెల్లగ అడిగితే, లోపటికెల్లి 'లేదు' అంటడు."

"అంటే పెద్ద శబ్దానికి లేవరు. మరి డీజేకి మాత్రం ఎందుకు లేస్తారు?"

"డీజే వేరు, బ్లాస్టింగ్ వేరు సార్."

"ఏ విధంగా వేరు?"

"వేరు. ఇగ గంతే. ఏయ్ కుక్కా! మొరగకు! మా ఆయన పండుకున్నడని తెల్వదా! తూ! పో!"

"కుక్కకు కూడా చెబుతారా?"

"చెప్పకపోతే దానికెట్ల తెలుస్తది? మీకు నవ్వొస్తుంది సార్. నవ్వుండ్రి. గాని ఒక మాట వినుండ్రి. బాయిల పని అంటే కన్ను మూతవడితే అయిపాయె. మీద బండ ఉంటది, పక్కన మిషన్ ఉంటది. నిద్ర సాలని మనిషి గా చీకట్ల ఏం చూస్తడు? ఆయన టిఫిన్ డబ్బ పట్టుకొని గడప దాటిన కాడికెల్లి, పొద్దుగాల మల్ల చెప్పులు ఇడిసేదాక నా పానం నా కాడ ఉండది. నాకు భయమైతది సార్. బాయి లోపటికి నేను పోలేను. గాని ఇంట్ల ఆయన నిద్రను మాత్రం కాపాడుకోగల్గుత. గదొక్కటే నా చేతుల ఉన్నది."

"క్షమించండమ్మా. నవ్వకూడదు నేను."

"మీరెందుకు సార్ క్షమించుమనుడు. రంగు మార్చుండ్రి, చాలు. ఆగుండ్రి... బుల్లెట్ బండి! భూపాల్! ఆడ్నే ఆపు! ఇంజన్ బంద్ చెయ్! తోసుకుంట రా! మా ఆయన పండుకున్నడు!"

"వచ్చిన వదినె, తోసుకుంటనే వచ్చిన. నమస్తె సార్. మూల మీద హాలు నాదే. మీరొచ్చిన్రని తెలిసి..."

"ష్! మెల్లగా మాట్లాడండి భూపాల్ గారూ. ఈవిడ భర్త లోపల పడుకున్నారు."

"ఎవరు? గట్టయ్యన్ననా? లోపటనా? ఇప్పుడా?"

"ఇప్పుడు కాకుంటే ఎప్పుడు భూపాల్? నైట్ షిఫ్టు నీకు తెల్వదా?"

"ఆఁ ఆఁ, అవునవును వదినె. లోపటనే. లోపట కాకుంటే ఇంకెక్కడుంటడు."

"మీ హాలు వల్ల ఆయనకు నిద్ర లేకుండా పోయిందంటున్నారు."

"నా హాలు వల్లనా? సార్, నా హాలు వల్ల అన్నకు... ఎట్ల చెప్పాలె. నోట్లెకెల్లి వస్తలేదు. మాటిచ్చిన."

"ఎవరికి?"

"ఒకరికి."

"ఎవరికో ఒకరికి అంటే నేనేం రాసుకోవాలి?"

"సార్, వీని నోట్లెకెల్లి మాట రాదు గాని, వీని డీజే నోట్లెకెల్లి మాత్రం ఊరంత వినపడ్తది. రాయుండ్రి, పసుపు రాయుండ్రి."

"వదినె, జెర ఆగు. మా అమ్మ పుస్తెలు కుదువ పెట్టి కట్టిన హాలది. మూస్తే నేనేం గావాలె? డీజే తగ్గిస్త. బారాత్ అవతలి తొవ్వల తిప్పుత. పంతులును గూడ మంత్రాలు మెల్లగ చదవమంట."

"నాకు నీ మీద కోపమేం లేదు భూపాల్. నా మనిషి నిద్రకు అడ్డమొస్తే మాత్రం నా తమ్ముడైనా ఊకోను."

"ఒక పని చేద్దాం. ఆ గదిలోకి వెళ్లి, శబ్దం ఎంత వినపడుతుందో ఒకసారి చూసి వస్తాను."

"వద్దు సార్!"

"వద్దు వద్దు సార్! లోపటికి మాత్రం పోకుండ్రి!"

"ఆవిడ వద్దంటే అర్థముంది. మీరెందుకు వద్దంటున్నారు భూపాల్ గారూ?"

"అన్న నిద్ర పాడు చేసుడు పాపం సార్. అన్న నిద్ర గురించి నా అంత ఫికర్ ఎవలు చేస్తరు?"

"నువ్వేం చేసినవ్ రా ఫికర్?"

"మనసుల చేస్తున్న వదినె. మనసుల."

"పోనీ, తలుపుకు చెవి ఆనించి వింటాను. కుడి చెవి. ...ఆఁ, గురక వినపడుతోంది. బాగా గుర్రుమంటున్నారు."

"అది కూలర్ సార్."

"మరి ఆయన?"

"ఆయన సప్పుడే రాదు. గంత మెత్తగ పండుకుంటడు నా బంగారం."

"చాలమ్మా. నాకు అర్థమైంది. ఇంత కష్టపడి కాపాడుకుంటున్న నిద్రను మా రంగుతో పాడుచేయలేను. ఈ గల్లీ పసుపే. నారింజ తీసేయమని రాస్తున్నాను. భూపాల్ గారూ, హాలు మూసుకోక తప్పదు."

"సార్ నిండు నూరేండ్లు సల్లగుండాలె! ఓ అత్తా! గెలిచినం! ఇగ హాలు బంద్!"

"అమ్మా, ఆయన లేస్తారు!"

"లేస్తే లేవనియ్ సార్, ఈ ఒక్క దినం!"

"సార్, ఒక్క ఫోన్ చేసుకుంట. చేసినంక మీ ఇష్టం. హలో... అన్నా, లే. లే అన్నా. ఇక్కడ పసుపు రాస్తుండ్రు. నేను మాట తప్పలే, నోరు ఇప్పలే. నీ ముచ్చట నువ్వే వచ్చి చెప్పుకో. జల్ది రా."

"ఎవరికి చేసినవ్ భూపాల్?"

"వస్తడు వదినె. దగ్గర్నే ఉన్నడు."

"ఎవరైనా సరే, మెల్లగ రమ్మను. చెప్పులు ఆ సంచి మీద... ఎవరది గడప కాడ? ఓ అవ్వా! నువ్వా! నువ్వు బయటికెల్లి వస్తున్నవేంది?"

"ఈయనెవరమ్మా?"

"మా ఆయన సార్! లోపట పండుకున్న మా ఆయన!"

"మరి లోపల ఉన్నది?"

"కూలర్ సార్. ఇందాకనే చెప్పింది గద వదినె."

"నువ్వు ఊకో భూపాల్! నువ్వు చెప్పు, నిన్ను లోపట పండవెట్టి తలుపు నేనే ఏసిన గదా! ఏ తొవ్వల పోయినవ్?"

"పెరటి తలుపు యమునా. నువ్వు ముందటికి పోంగనే నేను ఎనకకెల్లి పోత. ఎండలు ముదిరిన కాడికెల్లి రోజు గంతే."

"యాడికి పోతున్నవ్? నిద్ర ఇడిసిపెట్టి యాడికి పోతున్నవ్? నా గుండె ఆగేటట్టున్నది!"

"నిద్రకే పోతున్న. భూపాల్ హాల్ల పెండ్లిపిల్ల రూము లేదా, ఆడ పండుకుంట. కడుపు నిండ నిద్ర వడ్తుంది. నీ మీద ఒట్టు."

"హాల్లనా? లగ్గాలున్న దినం గూడనా? బ్యాండు, డీజే నడుమనా?"

"గట్టయ్య గారూ, నేనిప్పుడే ఆ హాలు మూసేయమని రాయబోతున్నాను. మీ నిద్ర కోసమే!"

"వద్దు సారూ, మీ కాళ్లు మొక్కుత, ఆ హాలు ముయ్యకుండ్రి. మా యమున నేను పండుకున్ననని పొద్దుందాక వాడకట్టంత దండోర ఏస్తది. బ్యాండు కొట్టంగ గూడ ఈ ఇంటికన్న ఆడనే నిమ్మళం."