శనివారం ఆట నడిపింది మా తమ్ముడే

నా పేరు మేకల ప్రేమలీల. వయసు యాభై నాలుగు. అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌ని. పెళ్ళి చేసుకోలేదు. ముగ్గురిలో పెద్దదాన్ని. నా తర్వాత చెల్లెలు రజని, పంజాగుట్టలో కాపురం. ఆఖరివాడు దినేశ్, వయసు నలభై ఒకటి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు, మా చర్చిలో పాటలు నడిపిస్తాడు. అతని గురించే ఈ స్టేషన్ ఎస్సై గారు అడిగారు. అడిగిన దానికీ, అడగని దానికీ కూడా చెబుతున్నాను.

నిన్న శనివారం ఉదయం అన్ని ఉదయాల్లాగే ఉంది. ఐదున్నరకు మోటారు వేశాను. ఇడ్లీ పిండి పొంగి గిన్నె మూత పైకి లేచింది. గీజరు పనిచేయడం లేదని మూడో అంతస్తు పిల్ల వస్తే బకెట్ వేడినీళ్ళు ఇచ్చాను. ఆరున్నరకు దినేశ్ వచ్చాడు. ప్రతి శనివారం వస్తాడు. టీ తాగి ఇద్దరం ఒక కీర్తన చదువుకుంటాం. నిన్న చదవడం అతని వంతు. ఎడమ చేతిలో బైబిలు, కుడిచేతిలో ఆటబిళ్ళలు. పోకర్ అనే పేకాటలో పందెం డబ్బుకు బదులు ముందుకు తోసే రంగు బిళ్ళలు అవి. చదువుతూనే వాటిని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. టిక్ టిక్‌మని ఒకటే చప్పుడు.

"అవి కింద పెట్టరా," అన్నాను.

"దావీదు చేతిలో రాళ్ళు లేవా అక్కా?"

"ఆయన ఆడుకోలేదు. శత్రువు నుదుటికి విసిరాడు."

"గురి కుదిరిందంటే అంతకుముందు ఆడుకునే ఉంటాడు," అన్నాడు.

నవ్వొచ్చింది. నవ్వలేదు. "డబ్బు పెడతారా?" అని అడిగాను. ప్రతి శనివారం అడుగుతాను.

"లేదక్కా. అందరికీ సమానంగా బిళ్ళలు ఇస్తాం. అయిపోయినవాడు లేచి టీ తాగుతాడు. చివరిదాకా మిగిలినవాడికి బహుమతిగా ఒక కప్పు. పోయినసారి ఇచ్చిన కప్పుకి ఇంటికి చేరేలోపే పిడి ఊడిపోయిందట."

"కూర్చునే ముందు ప్రార్థన చేసుకుంటావా?"

"చేసుకుంటా."

"గెలవాలనా?"

"ఓడితే మొహం మాడ్చుకోకూడదని."

టీ గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు. అతను వెళ్ళాక కూడా నాకు ఆ టిక్ టిక్ వినిపిస్తూనే ఉంది.

ఇక్కడ బుధవారం సంగతి చెప్పాలి. మా స్త్రీల కూడికలో ప్రార్థనకు ముందు ఒక్కొక్కరం మా అవసరత చెప్పుకుంటాం. రాలేనివాళ్ళు కూడా ప్రార్థించాలని దాన్ని వాట్సాప్‌లో పంపుతారు. వాళ్ళు తమకు తెలిసినవాళ్ళకు పంపుతారు. పేర్లు రాయరు. అది మా పద్ధతి. నేను చెప్పింది ఇంతే: "మా తమ్ముడి మనసు ఒక పేకాట మీద నిలిచిపోయింది. తిప్పమని ప్రార్థించండి." రజని దాన్ని "పేకాటలో చిక్కుకున్న ఒక సహోదరుని కోసం" అని పంపింది. ఎక్కడని ఎవరో అడిగితే అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌లో అని చెప్పింది కూడా. తర్వాతి గ్రూపులో అది "జూదంలో చిక్కుకున్న యౌవనస్థుల కోసం" అయింది. ఆ తర్వాతి దానిలో "అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ మాటున నడుస్తున్న జూదగృహం మూతపడాలని" అయింది. ఇంకొంచెం భారంతో ప్రార్థించాలనే అందరూ అలా రాశారు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. ఆ చివరిది ఇక్కడి హెడ్ కానిస్టేబుల్ రాజనర్సయ్య గారి భార్యకు వచ్చింది. ఆమె ఆయనకు చూపించారు. సమాచారం అని ఎస్సై గారు నా ముందు పెట్టింది అదే. అది మొదలైంది నా నోటి నుంచి. నేను జూదం అనలేదు.

నిన్న పదకొండు గంటల ప్రాంతంలో పోలీసులు ఆ సెంటర్‌లో ఆట జరిగే గదికి వెళ్ళారు. నేను అక్కడ లేను. చూడనిది చూశానని చెప్పను. పేకలు, బిళ్ళలు, ఒక కప్పు దొరికాయని, టేబుళ్ళ మీద డబ్బు దొరకలేదని ఎస్సై గారే అన్నారు. "డబ్బు లేకుండా పేకాట ఎవరాడతారమ్మా?" అని కూడా అన్నారు. మా తమ్ముడు ఆడతాడు. డబ్బు లేదు.

గది అద్దె ఫణీంద్ర గారి పేరు మీద ఉంది. ఆయన దినేశ్‌తోపాటు పాఠాలు చెబుతారు. ఆట నడిపేది ఆయనే అనుకుని ఆయన్ని స్టేషన్‌కు తెచ్చారు. రాత్రంతా ఇక్కడే ఉన్నారు. ఆయనకు ఆ ఆట సరిగ్గా రాదు, అందరికంటే ముందు లేచి టీ తాగేది ఆయనేనని దినేశ్ చెబుతుంటాడు. దినేశ్‌ను మాత్రం రాజనర్సయ్య గారు గుర్తుపట్టారు. మెట్ల దగ్గరికి తీసుకుపోయి, "నువ్వు పాటల సారువు గదా. మా ఇంటామెకు నీ పాటలంటే మస్తు ఇష్టం. ఊకె సూడనీకి వచ్చినవని రాసుకుంటం. జర ఇంటికి పో," అన్నారట. మా తమ్ముడు వచ్చేశాడు. రాజనర్సయ్య గారు మేలు చేద్దామనే అన్నారు. ఆయన మీద ఇది ఫిర్యాదు కాదు.

సాయంత్రం రజని ఇంట్లో కూర్చున్నాం. ఫ్లైఓవర్ మీది హారన్లకు మాట వినపడక రజని భర్త కామరాజు కిటికీలు మూశాడు. దినేశ్ బిళ్ళలు పోలీసుల దగ్గరే ఉండిపోయాయి. అతని వేళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. స్టేషన్‌కు పోయి ఆట నడిపింది తానేనని చెబుతానన్నాడు.

"ఏంటి బామ్మర్దీ, దేవుడు తలుపు తీస్తే బయటికి వచ్చావు. మళ్ళీ పోయి లోపల కూర్చుంటానంటావేంటి?" అన్నాడు కామరాజు.

"తలుపు తీసింది రాజనర్సయ్య గారు, బావా. దేవుడైతే ఫణీంద్రను కూడా పంపేవాడు."

రజని ఏడ్చింది. "కేసైతే ఉద్యోగంలో ఉంచరు. చర్చిలో పాట పాడనివ్వరు. ఆ ఫణీంద్ర మనకేమవుతాడు?" అంది.

నన్ను ప్రార్థన చేయమన్నారు. కళ్ళు మూసుకున్నాను. మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో ప్రార్థన చేసేది నేనే. కళ్ళు తెరిచి దినేశ్‌ని అడిగాను. "రేపు పాటకు నిలబడతావా?"

"ఫణీంద్ర అక్కడ కూర్చుని ఉంటే ఎలా నిలబడతానక్కా?" అన్నాడు.

నిన్న సాయంత్రం మేము తీర్మానించుకున్నది ఇది. ఈ ఆదివారం ఆరాధనకు వెళ్ళకుండా ముందు ఇక్కడికి రావాలి. ఆట మొదలుపెట్టింది, మనుషుల్ని పిలిచింది, నడిపింది తానేనని దినేశ్ చెప్పాలి. నేనూ చెప్పాలి. ఫణీంద్ర గారిని ఇంటికి పంపమని అడగాలి. దినేశ్ బయట బెంచీ మీద ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. ఆట మానేయాలని నేను షరతు పెట్టలేదు. మానాలని ప్రార్థించడమూ ఆపను. అది అతనికి తెలుసు. చట్టం ఒప్పుకుని మళ్ళీ ఆడితే, రజని ఇంటి హాల్లో, వీధి తలుపు తీసి ఉంచి, నేను అక్కడ కూర్చుని ఉండగా ఆడాలి. "నా ఇల్లు క్లబ్బు చేస్తారా? కుదరదు," అన్నాడు కామరాజు. లేచి హాలంతా ఒకసారి కలియజూశాడు. తర్వాత, "ఎన్ని కుర్చీలు కావాలి?" అని అడిగాడు.

నేను చెప్పింది చెప్పినట్టే రాశారు. కళ్ళద్దాలు పెట్టుకుని నేనే చదువుకున్నాను. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు. సంతకం అక్కర్లేదని ఎస్సై గారు అన్నారు. నేనే అడిగి పెడుతున్నాను.

(సంతకం)
మేకల ప్రేమలీల